సస్టెయిన్ పెడల్ అనుకరణ: రెండు సెట్ల శాంపిళ్లా, లెక్కగట్టే రెజొనెన్సా, ఏది మేలు?

పియానో కుడి పెడల్ (సస్టెయిన్ పెడల్) తొక్కితే రెండు పనులు జరుగుతాయి. కీ వదిలేసినా స్వరం ఆగదు, ఇది అందరికీ తెలిసిందే. తీగలను ఆపే డ్యాంపర్లన్నీ ఒకేసారి లేస్తాయి కాబట్టి మనం కొట్టని తీగలు కూడా కంపిస్తాయి. ఇదే రెండోది. నిజం పియానో దగ్గర మధ్య సి కీని చప్పుడు రాకుండా మెల్లగా దించి పట్టుకోండి. ఒక ఆక్టేవ్ కిందున్న సి ని గట్టిగా కొట్టి వెంటనే వదిలేయండి. కింది స్వరం ఆగాక మధ్య సి తీగ సన్నగా మోగుతూ ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు ఇదే పని తీగలన్నిటితో జరుగుతుంది.

సింత్‌లో, అంటే ఎలక్ట్రానిక్‌గా ధ్వని పుట్టించే వాద్యంలో, మొదటి పని తేలిక. మిడి సీసీ 64 (కీబోర్డు పంపే పెడల్ సందేశం) విలువ 64 లేదా అంతకు మించి ఉన్నంతసేపు నోట్ ఆఫ్‌లను (కీ వదిలారన్న సందేశాలను) ఆపి ఉంచాలి, 63కో అంతకన్నా కిందికో దిగగానే వదిలేయాలి. ఇంతటితో సరిపెడితే స్వరాలు సాగుతాయి గానీ ఒకదానితో ఒకటి కలవవు. తేడాలన్నీ ఆ కలయికను ఎలా తెస్తామన్న దగ్గరే మొదలవుతాయి.

పెడల్ ఎత్తి ఒకసారి, తొక్కి ఒకసారి ప్రతి స్వరాన్నీ రికార్డు చేసి శాంపిళ్లుగా పెట్టుకోవడం ఒక పద్ధతి. పెడల్ ముందే తొక్కి ఉంటే దీని ధ్వనికి వంక పెట్టలేం. కానీ వాయించేవాళ్లు అలా తొక్కరు. కొత్త కార్డు కొట్టాక, ఒక్క క్షణం ఆలస్యంగా తొక్కుతారు. అప్పటికే స్వరం ‘పెడల్ ఎత్తిన’ శాంపిల్‌తో మొదలైపోయింది. మధ్యలో రెండోదానికి క్రాస్‌ఫేడ్ చేస్తే (ఒకటి తగ్గిస్తూ ఇంకోటి పెంచితే), అవి వేర్వేరు రికార్డింగులు కాబట్టి ఫేజ్ (తరంగాల ఎగుడుదిగుళ్ల వరస) కుదరక స్వరం కాసేపు బోలుగా వినిపిస్తుంది. మెమరీ భారం కూడా తక్కువేం కాదు. సాలమాండర్ గ్రాండ్ పియానో అనే శాంపిళ్ల సెట్‌నే చూడండి: యమహా సి5 పియానోను మూడేసి సెమిటోన్లకు ఒక స్వరం చొప్పున, 16 వెలాసిటీ (కీని కొట్టే బలం) పొరలుగా తీశారు. అంటే 30 × 16 = 480 శాంపిళ్లు. 24 బిట్ల 48 కిలోహెర్ట్జ్ స్టీరియో సెకనుకు 2,88,000 బైట్లు. ఒక్కోటి 15 సెకన్లనుకుంటే సుమారు 2 గిగాబైట్లు. పెడల్ సెట్ కూడా చేరిస్తే అది రెండింతలు.

నేనైతే ఒకే సెట్ శాంపిళ్లు పెట్టుకుని, రెజొనెన్స్‌ను, అంటే కొట్టని తీగల కంపనాన్ని, లెక్కగట్టే పద్ధతికే ఓటు వేస్తాను. ఒక్కో తీగకు ఒక్కో ఫీడ్‌బ్యాక్ డిలే లైన్ (ధ్వనిని కాస్త ఆలస్యం చేసి, కొంత తగ్గించి మళ్లీ తనలోకే పంపే లూపు) పెట్టాలి. 48 కిలోహెర్ట్జ్‌లో 440 హెర్ట్జ్ ‘ఎ’ కి డిలే 109.09 శాంపిళ్లు. ఆ 0.09ని వదిలేస్తే శ్రుతి కాస్త తప్పుతుంది, అందుకని ఆల్‌పాస్ ఇంటర్‌పొలేషన్ (పూర్ణ సంఖ్య కాని డిలేను ఇచ్చే లెక్క) లాంటిది కావాలి. తీగ 60 డెసిబెళ్లు తగ్గడానికి 10 సెకన్లు పట్టాలంటే ఫీడ్‌బ్యాక్ 0.9984 ఉండాలి. డ్యాంపర్ పడి 0.2 సెకన్లలో ఆగాలంటే 0.925 చాలు. పెడల్ ఎప్పుడు కదిలినా మారేది ఈ ఒక్క సంఖ్యే, అందుకే ఆలస్యంగా తొక్కినా ఇబ్బంది ఉండదు. లూపులో చిన్న లో-పాస్ ఫిల్టర్ (పై పౌనఃపున్యాలను తగ్గించేది) పెట్టకపోతే పై హార్మోనిక్స్ కూడా అంతే సేపు మోగి ఇనుప రేకు మోతలా వస్తుంది. ఈ లూపులన్నిటి (రెజొనేటర్ల) మొత్తం అవుట్‌పుట్‌ను తిరిగి వాటి ఇన్‌పుట్‌లోకే కలిపితే ధ్వని అదుపు తప్పుతుంది. శాంపిళ్ల మొత్తాన్ని లోపలికి పంపి, వచ్చినదాన్ని నేరుగా బయటికే వదలండి. మోతాదు మైనస్ 35 డెసిబెళ్ల దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచూసుకోండి.

తీగనే గణితంగా నడిపే ఫిజికల్ మోడలింగ్ మూడో దారి. 2006లో వచ్చిన పియానోటెక్ ఈ కోవదే. డిస్కులో పదుల మెగాబైట్లు చాలు, సగం పెడల్ (పెడల్‌ను సగమే తొక్కడం) సహజంగా పలుకుతుంది. కొనుక్కుని వాయించేవారికి మంచి ఎంపిక. సొంతంగా రాసుకోవాలంటే మాత్రం ఏళ్ల పని.

దారి ఏదైనా, ఎక్కువమంది తప్పేది మళ్లీ తొక్కే చోట. కీ వదిలాక తీగ పూర్తిగా ఆగకముందే పెడల్ తొక్కితే మిగిలిన మోత నిలబడాలి. రిలీజ్ (కీ వదిలాక తగ్గడం) మొదలైన వాయిస్‌ను, అంటే మోగుతున్న ఒక్కో స్వరాన్ని, మామూలు సింత్ సున్నా దాకా దించేస్తుంది. ఎన్వలప్ (స్వరం ఎంత బిగ్గరగా ఉండాలో చెప్పే విలువ) ఆ క్షణంలో ఎంతుందో అక్కడే నిలపండి. ఉదాహరణకు 0.3 దగ్గర ఉంటే 0.3నే ఉంచండి. మళ్లీ 1కి ఎక్కిస్తే స్వరం ఉబ్బుతుంది.

సగం పెడల్‌కు 0, 127 మాత్రమే పంపే స్విచ్ పెడల్ పనికిరాదు. నిరంతరంగా విలువలు పంపే పెడలూ, దాన్ని చదవగల కీబోర్డూ రెండూ కావాలి. విలువ 40 లోపైతే పూర్తి డ్యాంపింగ్, 90 దాటితే పూర్తి స్వేచ్ఛ, మధ్యలో డికే (మోత తగ్గే) సమయాన్ని లాగరిథమ్ లెక్కన మార్చండి. బరువైన బేస్ తీగలు ఆలస్యంగా ఆగుతాయి కాబట్టి వాటికి ఎక్కువ సమయం ఇవ్వండి. పైకొసన ఉన్న దాదాపు 20 స్వరాలకు అసలు డ్యాంపర్లే ఉండవు. వాటిని పెడల్‌తో పనిలేకుండా మోగనివ్వాలి.

పెడల్ తొక్కి నాలుగు స్వరాల కార్డులు 16 వాయిస్తే 64 వాయిస్‌ల పరిమితి ఉన్న సింత్‌లో అవన్నీ నిండిపోతాయి. అప్పుడు అన్నిటికన్నా పాతదాన్ని కోసేస్తే పోయేది తరచుగా కింది బేస్ స్వరమే, దాంతో కార్డు కూలిపోతుంది. అన్నిటికన్నా మెల్లగా వినిపించేదాన్ని ఎంచి, 10 మిల్లీసెకన్లలో ఫేడ్ చేసి తీసేయండి.