రూపాయి పెట్టకుండా హార్త్‌స్టోన్‌లో పోటీ: డస్ట్ లెక్క తెలిస్తే సాధ్యమే

ఫోన్‌లో కార్డుల ఆట అనగానే మన రాష్ట్రంలో చాలామందికి ఆన్‌లైన్ రమ్మీయే గుర్తుకు వస్తుంది. 2020లో ఆంధ్రప్రదేశ్ దానిని నిషేధించినా కార్డుల ఆటంటే జూదమే అన్న అనుమానం ఇంకా పోలేదు. బ్లిజార్డ్ సంస్థ 2014లో విడుదల చేసిన హార్త్‌స్టోన్ ఆ కోవలోది కాదు. ఇందులో పందెం లేదు, గెలిస్తే చేతికి వచ్చే సొమ్మూ లేదు. అయితే కార్డుల ప్యాక్‌లు డబ్బుకు అమ్ముతారు కనుక, కొననివారు కొన్నవారి ముందు నిలబడగలరా అన్నది న్యాయమైన ప్రశ్న. విశాఖలో హాస్టళ్ళలో ఉంటూ ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెల గడుపుకునే విద్యార్థులకు ఇది మరీ ముఖ్యం. నా అనుభవంలో నిలబడగలరు, కాకపోతే ఒక్క డెక్‌ను, అంటే ఆటకు ముందే ఎంచి కట్టుకునే ఒకే కార్డుల కట్టను, నమ్ముకోవాలి.

ఉన్నవారికీ లేనివారికీ తేడా తేలేది డస్ట్ దగ్గరే. అక్కరలేని కార్డును విరగ్గొడితే డస్ట్ వస్తుంది, దానితో కావలసిన కార్డును చేసుకోవచ్చు. కార్డుల్లో అన్నిటికన్నా అరుదైన రకమైన లెజెండరీ కార్డు చేయడానికి 1600 డస్ట్ పడుతుంది, విరగ్గొడితే వచ్చేది 400. మామూలుగా దొరికే కామన్ కార్డుకు నిష్పత్తిలో చూస్తే నష్టం ఇంకా ఎక్కువ: చేయడానికి 40, విరగ్గొడితే 5. నచ్చిన ప్రతి డెక్ కోసం పాతవాటిని విరగ్గొడుతూ పోతే సేకరణ త్వరలోనే అడుగంటుతుంది. అదే 1600తో 16 రేర్ (కామన్ కన్నా ఒక మెట్టు పైరకం) కార్డులో, 40 కామన్ కార్డులో వస్తాయి; డెక్‌కు కావలసినవి 30 కార్డులే కనుక, ఒక్క లెజెండరీ ధరకు దాదాపు పూర్తి డెక్ సిద్ధమవుతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. బ్లిజార్డ్ ఏదైనా కార్డు బలం తగ్గించినప్పుడు, కొద్ది రోజుల పాటు దానిని విరగ్గొడితే చేసిన ధర మొత్తం తిరిగి వస్తుంది. లెజెండరీ అయితే 400 కనిపించవలసిన చోట 1600 కనిపిస్తుంది. తరువాత మనసు మారితే అదే ధరకు మళ్ళీ చేసుకోవచ్చు కనుక, ఆ గడువును ఎవరూ వదులుకోకూడదు.

చవక డెక్‌లలో ఎక్కువ భాగం మొదటి టర్ను నుంచీ దాడి చేసే రకం. ఎనిమిది మనా (కార్డు ఆడటానికి ఖర్చయ్యే, టర్ను టర్నుకూ పెరిగే శక్తి) పట్టే లెజెండరీ ఎదుటివారి చేతిలో ఉన్నా, ఆరో టర్నుకే వారి హీరో 30 ప్రాణాలూ అయిపోతే అది బల్ల మీదికి రానే రాదు. ఆటలు త్వరగా ముగుస్తాయి కూడా. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్ళే సిటీ బస్సు ఎన్‌ఏడీ జంక్షన్ దాటేలోపే ఒకటి రెండు పూర్తవుతాయి. గెలిచేకొద్దీ నక్షత్రాలతో మెట్లు ఎక్కే ర్యాంక్డ్ పోటీలో, వరుసగా గెలిచేవారికి డైమండ్ 5 అనే మెట్టు వరకు అదనపు నక్షత్రాలు వస్తాయి కనుక ఈ వేగం బాగా కలిసివస్తుంది.

లోపాలు చిన్నవి కావు. కొత్త కార్డులు సెట్‌లుగా విడుదలవుతాయి; ఏటా తొలి సెట్‌తో పాటు పాత సెట్‌లు, ఇటీవలి కార్డులతోనే ఆడే స్టాండర్డ్ విభాగం నుంచి తప్పుకుంటాయి, వాటితో కట్టిన డెక్ కూడా అక్కడ పనికిరాకుండా పోతుంది. హీరోల్లో పదకొండు క్లాసులు (రకాలు) ఉన్నా, డబ్బు పెట్టనివారు వాటిలో ఒకటి రెండింటికే పరిమితం కావాలి. రకరకాల డెక్‌లు ఆడాలన్న ఆశ ఉన్నవారికి ఈ ఆటను నేను సిఫారసు చేయను. కార్డులు ఇంతకన్నా ఉదారంగా ఇచ్చిన లెజెండ్స్ ఆఫ్ రూనెటెరా ఉండేది కానీ, 2024లో రయట్ సంస్థ మనుషుల మధ్య పోటీని పక్కనపెట్టి ఒంటరిగా ఆడే విభాగం వైపు మళ్ళింది. అది నాకు నిజంగా బాధ కలిగించింది.

హార్త్‌స్టోన్‌లో ఆడి సంపాదించిన, ప్యాక్‌లు కొనడానికి పనికివచ్చే గోల్డ్‌ను కొత్త సెట్ వచ్చేదాకా దాచుకోవడం మంచిది, ఎందుకంటే ఆ సెట్ తొలి పది ప్యాక్‌లలో ఒక లెజెండరీ తప్పకుండా వస్తుంది. డస్ట్‌ను మాత్రం తొలి రెండు వారాలు ముట్టుకోకూడదు. అప్పుడు ఎదురులేదనిపించిన డెక్ సవరణతో కూలిపోతే, బలం తగ్గించిన కార్డుకే పూర్తి డస్ట్ తిరిగి వస్తుంది, దాని చుట్టూ చేసుకున్న మిగతా కార్డులకు రాదు.