చిన్న ఆసుపత్రి మురుగునీటికి ఏది మేలు: ఊరి డ్రైనేజీయా, సొంత ఎస్టీపీయా (మురుగు శుద్ధి ప్లాంటు), మొక్కల బెడ్డా?

మన ఊళ్లలో ముప్పై, యాభై పడకల నర్సింగ్‌హోమ్ ఏదైనా తీసుకోండి. రంగురంగుల డబ్బాలు వరసగా ఉంటాయి, ఏది ఎందులో వేయాలో గోడ మీద చార్టు ఉంటుంది, కవర్లకు బార్‌కోడ్ కూడా ఉంటుంది. అదే ఆసుపత్రి వెనక్కి వెళ్లి ల్యాబ్ సింకు పైపు ఎక్కడ కలుస్తుందో చూపించమంటే మాత్రం చాలాచోట్ల ఎవరూ చెప్పలేరు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో కవర్లకు ఎంత పట్టింపు ఉందో నీళ్లకూ అంతే ఉంది, కానీ కవరు తీసుకెళ్లడానికి రోజూ వ్యాన్ వస్తుంది కాబట్టి అది గుర్తుంటుంది, నీళ్లు వాటంతటవే పోతాయి కాబట్టి ఎవరికీ గుర్తుండవు. అందుకే ఈ పోలికలో ఎక్కువ మాట నీళ్ల గురించే.

ముందు నీళ్లెంతో లెక్కేసుకోండి. వంద పడకల లోపు ఆసుపత్రికి పడకకు రోజుకు 340 లీటర్లు అని భవన నిర్మాణ ప్రమాణాల్లో ఉంది. యాభై పడకలంటే 17,000 లీటర్లు, అందులో 80 శాతం మురుగుగా వస్తుందనుకుంటే 13,600. అంటే రోజుకు 14 వేల లీటర్ల ప్లాంటు చాలు, ఒక మాదిరి అపార్ట్‌మెంట్‌కు పెట్టేంతది. ఈ నీళ్లలో ఎక్కువ భాగం బాత్రూములవి, క్యాంటీన్‌వి, బట్టలు ఉతికినవి, ఇళ్లలోంచి వచ్చే మురుగుకూ వీటికీ పెద్ద తేడా ఉండదు. అసలు భయపడాల్సింది ల్యాబ్, ఆపరేషన్ థియేటర్, లేబర్ రూమ్ నుంచి వచ్చే కొద్దిపాటి నీళ్లకే: రక్తం, ల్యాబ్ రీఏజెంట్లు, ఫార్మలిన్, పరికరాలు నానబెట్టిన గ్లుటరాల్డిహైడ్, వీటికి తోడు నేల తుడిచిన హైపో (క్రిములు చంపే క్లోరిన్ ద్రావణం).

కాబట్టి కింద చెప్పే మూడింటిలో ఏది ఎంచుకున్నా, ఈ కొద్దిపాటి నీళ్లకు వేరే పైపు వేసి, పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) సరిచేసి, క్రిములు చంపి, ఆ తర్వాతే మిగతా మురుగులో కలపాలి. నిబంధన అదే చెబుతోంది, మామూలు బుద్ధీ అదే చెబుతుంది. దీన్నే చిన్న ఈటీపీ అంటారు, రెండు మూడు ట్యాంకులు, ఒక డోసింగ్ పంపు, అంతే. చాలామంది ఇది వదిలేసి నేరుగా పెద్ద ఎస్టీపీ కొనేస్తారు, తర్వాత అది పనిచేయట్లేదని కంపెనీ వాళ్లతో గొడవ పడతారు. ఎస్టీపీలో మురుగును తినేది బ్యాక్టీరియా. వార్డుల్లోంచి, ల్యాబ్‌లోంచి హైపో, ఫినాయిల్, గ్లుటరాల్డిహైడ్ పట్టపగ్గాల్లేకుండా అందులోకి వస్తే ఆ బ్యాక్టీరియానే చచ్చిపోతుంది. అది పెరగాలంటే మళ్లీ రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది, ఈలోపు బయటికి పోయేది పచ్చి మురుగే.

ఇక మొదటి దారి, ఊరి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీకి కలిపేయడం. ఇది మంచిదా చెడ్డదా అన్నది మీ ఆసుపత్రిలో తేలదు, ఆ పైపు చివర ఏముందో దాన్నిబట్టి తేలుతుంది. చివర మున్సిపాలిటీ వాళ్ల ఎస్టీపీ ఉంటే నిబంధనలు సులువు: పబ్లిక్ సీవర్‌లోకి వదిలే నీళ్లలో బీఓడీ (నీళ్లలోని మురుగును తినడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్, మురుగు ఎంతుందో చెప్పే కొలత) లీటరుకు 350 మిల్లీగ్రాములు, నీళ్లలో కరగకుండా తేలే ఘనపదార్థాలు 600 దాకా ఒప్పుకుంటారు. చివర ఎస్టీపీ లేకపోతే, లేదా మీకు అసలు సీవర్ కనెక్షనే లేకపోతే, అదే బీఓడీ 30కి పడిపోతుంది, ఘనపదార్థాలు 100, సీఓడీ (రసాయనంతో కొలిచే అలాంటి లెక్కే) 250, నూనె, గ్రీజు 10, పీహెచ్ 6.5 నుంచి 9 మధ్య. ఒకే ఆసుపత్రి, ఒకే మురుగు, పైపు చివర ఏముందన్న ఒక్క విషయంలో బీఓడీ హద్దు పదింతలకు పైగా మారిపోతోంది. మీ కన్సెంట్ ఆర్డర్‌లో, అంటే అనుమతి పత్రంలో, కాలుష్య నియంత్రణ మండలి ఇంకా గట్టి అంకె రాసి ఉంటే దాన్నే పాటించాలి.

హైదరాబాద్‌లో అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల ప్లాంటు ఉంది, విజయవాడలో సింగ్‌నగర్, ఆటోనగర్ ప్లాంట్లున్నాయి. అలాంటి ప్లాంటుకు నిజంగా చేరే లైను మీ వీధిలో ఉంటే, చిన్న ఆసుపత్రికి నా ఓటు మొదటి దారికే, అనుమానం లేదు. ల్యాబ్, ఓటీ నీళ్లకు ఈటీపీ పెట్టి, క్యాంటీన్‌కు గ్రీజు ట్రాప్ పెట్టి, మిగతాది లైనుకు కలిపేయండి. నిర్వహణ తెలిసిన పెద్ద ప్లాంటు ఉండగా, అదే పని సెల్లార్‌లో జనరేటర్ పక్కన ఒక చిన్న ప్లాంటు పెట్టి వాచ్‌మన్ చేత నడిపించడంలో నీళ్లకు ఒరిగేదేమీ లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి, "డ్రైనేజీ కనెక్షన్ ఉంది" అని బిల్డింగ్ ఓనరు చెప్పిన మాట నమ్మి సంతకం పెట్టొద్దు. అది సీవర్ లైనా, వాన నీటి కాలువా అని మున్సిపల్ ఇంజినీరు చేత రాయించుకోండి. వాన కాలువలో కలిపిన ఆసుపత్రులు ఎన్నో ఉన్నాయి, ఆ నీళ్లు శుద్ధి ప్లాంటు ముఖం చూడకుండా చెరువుకో మూసీకో పోతాయి.

చిన్న పట్టణాల్లో ఈ సౌకర్యం ఎక్కువచోట్ల లేదు. ఏలూరు మురుగు కొల్లేరు వైపు, భీమవరం మురుగు యనమదుర్రు డ్రెయిన్‌లోకి పోయే ప్రాంతంలో, చేపల చెరువుల మధ్య ఆసుపత్రి నడుపుతూ సైడు కాలువలోకి వదిలేస్తే అది ఎవరి దగ్గరికి చేరుతుందో చెప్పక్కర్లేదు. మందులకు లొంగని క్రిములు కూడా ఈ నీళ్లలోనే తిరుగుతాయి. 2011లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో ఢిల్లీ నీళ్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. వీధుల్లో నిలిచిన, పారే నీటి నమూనాలు 171 తీస్తే 51లో, కుళాయి నీళ్ల నమూనాలు 50 తీస్తే 2లో ఎన్‌డీఎం-1 అనే నిరోధక జన్యువు దొరికింది. అదంతా ఆసుపత్రుల నుంచే వచ్చిందని ఆ అధ్యయనం అనలేదు, కానీ యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడే చోటు ఏదో మనకు తెలుసు.

రెండో దారి సొంత ఎస్టీపీ. మన దగ్గర కంపెనీలు ఎక్కువగా అమ్మేది ఎంబీబీఆర్. ట్యాంకులో చిన్న చిన్న ప్లాస్టిక్ చక్రాలు తేలుతుంటాయి, వాటి మీద బ్యాక్టీరియా పొర కడుతుంది, కింద నుంచి బ్లోయర్ గాలి ఊదుతుంది. తక్కువ చోటు చాలు, లోడు కాస్త అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. దీనికి ప్రాణం బ్లోయర్. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిళ్లు ఆపేసే అలవాటు చాలాచోట్ల చూశాను, పొద్దునకు ట్యాంకు కుళ్లు వాసన కొడుతుంది, పొర ఊడిపోతుంది. ఎస్టీపీకి విడిగా కరెంటు మీటరు పెట్టమని కన్సెంట్ షరతుల్లో రాసేది ఇందుకే, మీటరు రీడింగ్ చూస్తే బ్లోయర్ తిరిగిందో లేదో తెలిసిపోతుంది. ఇంకా ఖరీదైనది ఎంబీఆర్, మెంబ్రేన్ అనే సన్నటి జల్లెడ పొర గుండా నీళ్లు లాగుతారు కాబట్టి చూడ్డానికి తాగే నీళ్లలా తేటగా వస్తాయి. ఆ నీళ్లను ఫ్లషింగ్‌కూ తోటకూ తిరిగి వాడుకునే రెండు మూడొందల పడకల ఆసుపత్రికి, సొంత ఆపరేటర్ ఉన్నచోట అది బాగుంటుంది. యాభై పడకలవాళ్లకు వద్దంటాను. మెంబ్రేన్‌ను మందులతో కడుగుతూ ఉండాలి, కొన్నేళ్లకు మార్చాలి, కడిగేవాడు మానేసిన నెలలో అది మూసుకుపోతుంది, మూసుకుపోగానే ఎవరో ఒకరు బైపాస్ వాల్వు తిప్పి మురుగును నేరుగా బయటికి వదిలేస్తారు.

మూడోది మొక్కల బెడ్, డీవాట్స్ పద్ధతి. సెప్టిక్ ట్యాంకు లాంటి గదుల్లోంచి నీళ్లు ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ వచ్చి, కంకర పరిచిన తొట్టిలో మొక్కల వేళ్ల మధ్య నుంచి మెల్లగా పారతాయి. మెట్టతామర, తుంగ లాంటివి వేస్తారు. పుదుచ్చేరిలో అరవింద్ కంటి ఆసుపత్రి తన మురుగును ఈ పద్ధతిలోనే శుద్ధి చేసి తోటకు వాడుతోంది. బ్లోయర్ లేదు, కరెంటు దాదాపు అక్కర్లేదు, ఆపరేటర్ రాని రోజున కూడా పనిచేస్తుంది. ఈ చివరి గుణం కోసమే, జాగా ఉన్న పట్టణాల్లో, పల్లెల్లో, రోడ్డు పక్క రెండెకరాల్లో కట్టే మిషన్ ఆసుపత్రుల్లో, ట్రస్టు ఆసుపత్రుల్లో నేను ఎంబీబీఆర్ కంటే దీన్నే ముందు పెడతాను. దోమలు వస్తాయని భయపడతారు, నీళ్లు కంకర పైకి కనబడకుండా కిందుగా పారేలా కడితే రావు. అలాగని దీన్ని పట్టించుకోకుండా వదిలేస్తే కుదరదు. అడుగున చేరిన బురద తీయించాలి, మొక్కలు కత్తిరించాలి, కంకర పూడుకుంటే కడగాలి. మార్కెట్ సెంటర్లో వంద గజాల్లో నాలుగంతస్తులు కట్టినవాళ్లకు ఇది కుదరదు, వాళ్లకు ఎంబీబీఆరే గతి, బ్లోయర్‌కు జనరేటర్ లైను ఇచ్చి మరీ నడపాలి.

చివర్లో క్రిములు చంపడానికి క్లోరినా, యూవీ (అతినీలలోహిత) దీపమా అన్నది కూడా అడుగుతుంటారు. నీళ్లు మసకగా ఉంటే రెండూ దండగే, ముందు ఫిల్టరు సరిగ్గా ఉండాలి. హైపో చవక, ఎక్కడైనా దొరుకుతుంది, కానీ ఎక్కువ పోస్తే మీరే చిక్కుల్లో పడతారు. నిబంధనల్లో చేప పరీక్ష ఉంది, శుద్ధి చేసిన నీళ్లలో ఏమీ కలపకుండా చేపలు వదిలితే 96 గంటల తర్వాత 90 శాతం బతికి ఉండాలి. నీళ్లలో మిగిలిపోయిన క్లోరిన్ ఆ చేపల్ని చంపేస్తుంది, బీఓడీ బాగుండి కూడా శాంపిల్ ఫెయిలవుతుంది. హైపో వాడితే తర్వాత సోడియం బైసల్ఫైట్ గానీ కార్బన్ ఫిల్టర్ గానీ ఉండాలి. యూవీకి ఆ బాధ లేదు, దీపం చుట్టూ ఉన్న గాజు గొట్టం పాచి పట్టకుండా తుడుస్తూ ఉండాలి. తుడిచే మనిషి ఉంటే యూవీ, లేకపోతే కొలిచి పోసే హైపో.

కవర్ల సంగతి తొందరగా ముగిస్తాను. సొంత ఇన్సినరేటరా (వ్యర్థాలు కాల్చే కొలిమి), కామన్ ఫెసిలిటీయా (చాలా ఆసుపత్రుల వ్యర్థాలను ఒకేచోట శుద్ధి చేసే కేంద్రం) అన్న ప్రశ్నే లేదు, 75 కిలోమీటర్ల లోపు కామన్ ఫెసిలిటీ సేవ ఉంటే సొంతంగా పెట్టకూడదు. తేల్చుకోవాల్సింది వాళ్లకు కట్టే డబ్బు పడకల లెక్కనా, కిలోల లెక్కనా అన్నదే. పడకల లెక్కన కడితే వేరుచేయకుండా అన్నీ కాల్చడానికి పోయే పసుపు కవర్లో పడేసే బద్ధకం వస్తుంది, సెలైన్ గొట్టాలు, యూరిన్ బ్యాగులు ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌కు పోవాల్సింది మంటల్లోకి పోతాయి, వాటిలోని పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషాలు వస్తాయి. కిలోల లెక్కన కడితే బరువు తగ్గించుకోవడానికి సూదులు, సిరంజీలు మున్సిపల్ చెత్తకో పాత సామాన్ల వాడికో పోతాయి. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో వాడేసిన సిరంజీలు మళ్లీ వాడినందుకు హెపటైటిస్ బి వ్యాపించి ఎంతోమంది చనిపోయారు. అది గుర్తుంది కాబట్టి చిన్న ఆసుపత్రికి పడకల లెక్కే మేలంటాను, బద్ధకాన్ని సిస్టర్లకు శిక్షణ ఇచ్చి సరిచేయొచ్చు.

పది పడకల లోపు వాళ్లు ఇదంతా తమకు వర్తించదనుకుంటున్నారు. వాళ్లూ 2019 డిసెంబరు 31 కల్లా ఎస్టీపీ పెట్టుకోవాలని సవరణ వచ్చింది. పడకలే లేని ల్యాబులు, డెంటల్ క్లినిక్‌లకు ఎస్టీపీ అక్కర్లేదు గానీ, క్రిములున్న ద్రవాలు సింకులో పోసే ముందు హైపోతో శుద్ధి చేయడం తప్పనిసరి, దానికి మూత ఉన్న ఒక డ్రమ్ము, నాణ్యమైన హైపో, రోజూ రాసే ఒక రిజిస్టరు సరిపోతాయి.