ఊరి ఆబోతా, సూదా? దూడ కాళ్ల సంగతి చూస్తే ఏది మేలు?

చిత్తూరు పల్లెల్లో ఆవు ఎదకొస్తే ఊళ్లో ఎవరిదో ఆబోతు దగ్గరకు తోలుకెళ్తాం, లేదంటే ఊళ్లో పశువులకు చూలు కట్టించే గోపాలమిత్రకు ఫోన్ చేసి సూది, అంటే ఆబోతు వీర్యాన్ని ఆవు గర్భంలోకి ఎక్కించే కృత్రిమ గర్భధారణ, వేయిస్తాం. ఖర్చెంత, చూలు నిలుస్తుందా అని చూస్తాం గానీ పుట్టే దూడ నిలబడుతుందా అని ఎవరూ అడగరు.

మన దగ్గర జెర్సీ సంకరాలే ఎక్కువ. అమెరికా జెర్సీల్లో ఈమధ్య ఒక నరాల జబ్బు బయటపడింది. దూడ ప్రాణంతోనే పుడుతుంది, కానీ ముందరికాళ్లు బిగుసుకుని పక్కలకు చాపుకుపోయి లేవలేదు. యూసీహెచ్ఎల్1 అనే జన్యువులో లోపం దానికి కారణం. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. ఒకరి నుంచే వస్తే ఆ పశువు నిక్షేపంగా ఉంటుంది, లోపాన్ని మాత్రం మోస్తుంది. కాబట్టి ఆబోతు ఒడ్డూ పొడుగూ చూసి ఏమీ తేల్చలేం.

ఊరి ఆబోతుతో అసలు చిక్కు, ఏళ్ల తరబడి అదొక్కటే తిరగడం. అది లోపాన్ని మోసేదైతే కూతుళ్లలో సగానికి అంటుతుంది. ఆ కూతుళ్లకే మళ్లీ దాన్ని దాటిస్తే, సగటున ఎనిమిది దూడల్లో ఒకటి జబ్బుతో పుడుతుంది. మనమేమో గ్రహణం పట్టిందనుకుని ఊరుకుంటాం!

సూదికి వాడే ఆబోతులకు సెమెన్ స్టేషన్లలో (వీర్యం సేకరించి నిల్వచేసే కేంద్రాల్లో) కొన్ని వంశపారంపర్య జబ్బుల పరీక్షలు చేస్తారు. చేయని వాటికి హామీ లేదు. పైగా ఒక్క ఆబోతు వీర్యం వేల ఆవులకు వెళ్తుంది, లోపం ఉంటే అంత దూరమూ పాకుతుంది. అయినా నా ఓటు సూదికే. వీర్యం నింపిన సన్నటి గొట్టం, అంటే స్ట్రా మీద ఆబోతు నంబరు ఉంటుంది కదా, రాసిపెట్టుకుంటే ఆ ఆవు కూతురికి వేరే నంబరు అడగొచ్చు. రాసుకోకపోతే సగం లాభం పోయినట్టే.

పుంగనూరు ఆవుల దగ్గర మాత్రం ఇంత గట్టిగా చెప్పను. జాతే కొద్దిగా మిగిలింది, దగ్గరి రక్తం కలిసే ప్రమాదం సూదిలోనూ ఉంటుంది. వాటికి చుట్టరికం లేని దూరపు ఊరి ఆబోతు దొరికితే అదే నయం కావచ్చు. పలమనేరు పరిశోధన కేంద్రంలో అడిగి చూడండి.

ఇంకో మాట. లేవని ప్రతి దూడదీ వంశపు జబ్బు కాదు. విటమిన్ ఇ, సెలీనియం తక్కువైనా, ఈత కష్టమై నరం దెబ్బతిన్నా, బొడ్డు చీము కీళ్లకు పాకినా ఇలాగే పడి ఉంటుంది. వీటిలో చాలావాటికి త్వరగా చూపిస్తే వైద్యం ఉంది, ఆశ వదులుకునే ముందు డాక్టరును పిలవండి. ఒకే ఆబోతుకు రెండో దూడ కూడా అలాగే పుడితే మాత్రం దాన్ని ఇక దాటించొద్దు.