జ్ఞాపకశక్తి మాత్రలా, వినికిడి మిషనా: ముందు ఏది?

అమ్మో నాన్నో చెప్పిందే మళ్లీ చెబుతుంటే చాలా ఇళ్లలో ముందు జ్ఞాపకశక్తి మాత్రలు కొంటారు. తర్వాత ఫోన్‌లో బ్రెయిన్ గేమ్ పెట్టిస్తారు. చెవుడు సంగతి మాత్రం "వయసు కదా" అని వదిలేస్తారు. ఈ వరస మారాలని గట్టిగా నమ్ముతాను.

మాత్రల్లో బాగా పేరున్నది జింకో, అంటే ఆ పేరున్న చెట్టు ఆకుల సారం. అమెరికాలో 75 ఏళ్లు, ఆపైబడిన 3,069 మందిని రెండు జట్లు చేసి, ఒకరికి జింకో, ఇంకొకరికి మందులేని మాత్ర ఇచ్చి ఆరేళ్లు చూశారు. 2008లో తేలిందేమిటంటే, జింకో వల్ల డిమెన్షియా (పెద్ద వయసులో వచ్చే మతిమరుపు జబ్బు) తగ్గలేదు. పైగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు దీనితో రక్తస్రావం భయం కూడా ఉంది. ఇక గేములంటారా, ఆడుకుంటే నష్టం లేదు. కానీ మతిమరుపును ఆపుతాయన్న ప్రచారాన్ని నమ్మి డబ్బు కట్టొద్దు. అలా చెప్పుకున్నందుకే బ్రెయిన్ గేములు అమ్మే లుమోసిటీ కంపెనీ 2016లో అమెరికాలో 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

చెవి విషయం వేరు. సరిగా వినపడని మనిషి ప్రతి మాటనూ ఊహించుకోవాలి, దానికే మెదడు అలసిపోతుంది. పెళ్లికి వెళ్లినా ఓ మూల కూర్చుంటారు, మెల్లగా మాటలే తగ్గించేస్తారు. ఆ ఒంటరితనం కూడా మెదడుకు చేటే. అమెరికాలోనే 70 నుంచి 84 ఏళ్ల, సరిగా వినపడని 977 మందిపై మూడేళ్లు జరిగిన పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. అందరినీ కలిపి చూస్తే వినికిడి మిషన్‌తో ఆలోచనాశక్తిలో తేడా కనపడలేదు, అది దాచకూడదు. కానీ బీపీ, షుగర్ లాంటి ముప్పులు ఎక్కువున్న జట్టులో, మిషన్ పెట్టుకున్నవాళ్లకు ఆలోచనాశక్తి తగ్గే వేగం మిగతావాళ్లకంటే 48 శాతం తక్కువగా ఉంది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు బీపీ, షుగర్ ఎంత మామూలో తెలిసిందే.

అలాగని నేరుగా మిషన్ కొనెయ్యకండి. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి, గులిమి తీయిస్తేనే సరిపోవచ్చు. మిషన్ పెట్టిన మొదట్లో గిన్నెల చప్పుడు కూడా హోరుగా ఉంటుంది. అప్పుడే విసుగొచ్చి బీరువాలో పడేస్తారు. ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షల నిపుణులు) దగ్గర సౌండ్ సరిచేయించి, రోజూ కాసేపు చొప్పున అలవాటు చేయాలి. పేద కుటుంబాల వృద్ధులకు కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వీటిని ఉచితంగా ఇస్తుంది. ఆ పథకం 2017లో మొదలైంది మన నెల్లూరు జిల్లాలోనే.

చెవులు బాగానే ఉన్నాయని తేలితే, మాత్రల డబ్బుతో బీ12 విటమిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. తెలిసిన దారే తప్పిపోతున్నారంటే ఇవేవీ చూస్తూ కూర్చోకుండా న్యూరాలజిస్ట్ దగ్గరకు తీసుకెళ్లండి.