రెండంచెల ఎవాపరేటివ్ కూలింగ్: మిషను మంచిదే, గొడవంతా బ్లీడ్ వాల్వ్‌తోనే

అనంతపురం వైపు కొత్త కాలేజీ కడుతున్నవాళ్లు వర్క్‌షాపుకు, డ్రాయింగ్ హాలుకు ఈ కూలర్‌ను, అంటే నీళ్లు ఆవిరవడంతో గాలిని చల్లబరిచే మిషన్ను, కళ్లు మూసుకుని పెట్టుకోవచ్చు. మొదటి అంచెలో గాలి తడి తగలకుండా ప్లేట్ల మీదుగా చల్లబడుతుంది, రెండో అంచెలో తడి ప్యాడ్ల గుండా వెళ్లి ఇంకాస్త చల్లబడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం బయట 41 డిగ్రీలుంటే చల్లగాలి వచ్చే గ్రిల్ దగ్గర 21, 22 వస్తోంది. కంప్రెసర్ లేదు, కరెంటు తినేవి ఫ్యాన్లు, చిన్న పంపులే. వచ్చేదంతా బయటి గాలి కాబట్టి హాలు నిండినా ఊపిరాడనట్టుండదు.

అలాంటిది మా దగ్గర రెండో వేసవిలో 27 కంటే కిందికి దిగనంది. అందరూ పంపు మీద పడ్డారు. పంపు బాగానే ఉంది. ప్యాడ్ల మీద నిలువునా ఎండిన చారలు, గాలి తగిలే వైపు తెల్లటి పెచ్చు, పైన నీళ్లు పంచే పైపుకు సగం రంధ్రాలు పూడిపోయి ఉన్నాయి. తడవని చోటల్లా వేడి గాలి నేరుగా లోపలికొస్తోంది. బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన ఉప్పుల లెక్క, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 900, మిషను అడుగున నీళ్లు నిలిచే సంప్‌లో మీటరు ముంచితే 6,000 దాటింది. నీళ్లు ఊరికే కాలవపాలవుతున్నాయని ఎవరో బ్లీడ్ వాల్వ్ (సంప్‌లోని ఉప్పు నీళ్లను కొంచెం కొంచెంగా బయటికి వదిలేది) కట్టేశారు!

10,000 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) యూనిట్ మండుటెండలో రెండంచెలూ కలిపి గంటకు సుమారు 150 లీటర్లు ఆవిరి చేస్తుంది. ఉప్పులు సంప్‌లోనే మిగులుతాయి. వాటిని బోరు నీళ్లకు మూడు రెట్లు దాటనివ్వకూడదంటే గంటకు 75 లీటర్లు వదలాల్సిందే. సాఫ్ట్‌నర్ పెడితే పెచ్చు తగ్గుతుంది గానీ బ్లీడ్ తప్పదు, అది కాల్షియం తీసి సోడియం పెడుతుందే తప్ప టీడీఎస్ తగ్గించదు.

మొదటి అంచె ప్లేట్లు సిట్రిక్ యాసిడ్‌తో కడిగితే తేరుకున్నాయి, ప్యాడ్లు మాత్రం కొత్తవే వేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరూ మళ్లీ కట్టేయకుండా బ్లీడ్ వాల్వ్‌కు హ్యాండిల్ లేదు. వదిలిన నీళ్లు టాయిలెట్ ఫ్లష్‌కు పోతాయి (మొక్కలకు పోయకండి, ఉప్పు). సాయంత్రం పంపు ముందు ఆపి, ఫ్యాను ఇంకో 20 నిమిషాలు తిప్పితే ప్యాడ్లు ఆరి నాచు పట్టదు.

పైన చెప్పిన 21 పొడి ఎండలకే. ముసురు పట్టిన రోజుల్లో రెండో అంచె పంపు ఆపేస్తాం, లేకపోతే డ్రాయింగ్ షీట్లు మెత్తబడతాయి. తలుపులు మూసుకుని కూర్చునేవాళ్లున్నా ఇదే తంటా: లోపలికొచ్చిన గాలికి బయటికి దారి ఉండాలి. మాకు లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబు ఏసీ మీదే ఉన్నాయి, అక్కడ దీన్ని పెట్టమని చెప్పను. విశాఖ, కాకినాడ వాళ్లు మా అంకెలు చూసి ఆర్డరివ్వకండి, మీ ఊరి వెట్ బల్బ్ (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత) చూసుకోండి.