కిబ్లర్ సదరన్ మౌంటెన్ రైఫిల్ కిట్ రివ్యూ: బిగింపు తేలిక, పైపని కాదు

చెకుముకి రాయితో పేలే పొడుగు రైఫిల్‌ని చేత్తో తయారు చేద్దామని మొదలెట్టినవాళ్ళు పని వదిలేసేది ఎక్కువగా ఇన్‌లెట్టింగ్ దగ్గర. అంటే బారెల్‌కీ, లాక్‌కీ (రాయిని కొట్టి నిప్పు పుట్టించే యంత్రం), ట్రిగ్గర్‌కీ, బట్‌ప్లేట్‌కీ (వెనక కొసకి తొడిగే లోహపు పలక) వాటి వాటి ఆకారంలో చెక్కని ఉలితో తొలిచి, మధ్యలో కాగితం కూడా దూరనంత బిగువుగా దించాలి. ఉలి ఒక్కసారి జారితే ఖరీదైన చెక్క పొయ్యిలోకే. ఒహాయోలోని కిబ్లర్ కంపెనీ అమ్మే సదరన్ మౌంటెన్ రైఫిల్ కిట్ ఆ కష్టాన్ని దాదాపు పూర్తిగా తీసేస్తుంది. గుంటలన్నీ కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషీన్ మీద తొలిచే వస్తాయి. అందుకే ఇది ఎవరైనా బిగించేయగల కిట్ అన్న పేరు తెచ్చుకుంది. బిగించడం వరకైతే ఆ పేరు న్యాయమే. అయితే పూర్తయిన రైఫిల్ పాతకాలపు కొండ రైఫిల్‌లా ఉంటుందా, నిన్న మెషీన్ మీంచి దిగినట్టుంటుందా అన్నది మాత్రం ఆ తర్వాత చేసే పైపని మీదే ఆధారపడుతుంది. పెట్టిన డబ్బు దక్కేదీ, దండగయ్యేదీ అక్కడే.

ముందు మోడల్ సంగతి. పెన్సిల్వేనియా రైఫిళ్ళంటే ఇత్తడి సామాను, చెక్కడాలు, ప్యాచ్‌బాక్సులు (గుండుకి చుట్టే గుడ్డముక్కలు దాచుకునే మూత పెట్టెలు). టెనెసీ తూర్పున, నార్త్ కరోలైనా పడమటన ఉన్న కొండల్లో చేసినవాటి తీరు వేరు. ఇనుప సామాను, సన్నటి ఒళ్ళు, అలంకారం తక్కువ. చాలావాటికి ప్యాచ్‌బాక్సు బదులు బట్టు (భుజానికి ఆనే వెనక భాగం) పక్కన కొవ్వు పెట్టుకునే చిన్న గుండ్రటి గుంట ఉంటుంది. కిట్ ఈ కొండ తరహాది. బారెల్ 46 అంగుళాలు, ఎనిమిది పలకలది, కాలిబర్ (బారెల్ లోపలి వ్యాసం, అంగుళాల్లో) .32 నుంచి .45 దాకా. లాక్ ఒకప్పుడు బర్మింగ్‌హామ్ నుంచి అమెరికాకి దిగుమతైన కెట్‌లాండ్ లాక్‌ల చివరి రోజుల నమూనా. కిట్ మొత్తంలో మెచ్చుకోవాల్సిన భాగం ఈ లాకే. లోపలి స్ప్రింగుల్ని ట్యూన్ చేద్దామన్న ఉబలాటం వద్దు, బయటి ముఖాన్ని నునుపు చేస్తే చాలు.

ధర వెయ్యి డాలర్ల పైమాట, చెక్క అందాన్ని బట్టి ఇంకా పెరుగుతుంది. ట్రెడిషన్స్ వాళ్ళ కెంటకీ కిట్ దీంట్లో సగం కూడా ఉండదు కదా అని అడుగుతారు. దాని బారెల్ 33.5 అంగుళాలే. చెక్క కూడా ఒక్క ముక్క కాదు, రెండు ముక్కల మధ్య ఇత్తడి బిళ్ళ పెట్టి కలుపుతారు. ఆకురాయి పట్టడం నేర్చుకోడానికి పనికొస్తుంది గానీ, ఎంత బాగా చేసినా లాంగ్‌రైఫిల్ ఆకారం రాదు.

చట్టం సంగతి కూడా ఇక్కడే. అమెరికా ఫెడరల్ చట్టం మందు ముందు నుంచి కూరే ఇలాంటి రైఫిల్‌ని పురాతన ఆయుధం కింద లెక్కేస్తుంది. అన్ని రాష్ట్రాలూ అలా చూడవు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో దీనికీ కొనుగోలుదారు గుర్తింపు కార్డు అడుగుతారు. ఏ రాష్ట్రంలో ఉన్నా ఆర్డర్ పెట్టేముందే చూసుకోండి. ఇండియాకి పంపే ఆలోచన అసలు వద్దు. పంట కాపలాకి వాడే, ముందు నుంచి మందు కూరే ఎంఎల్ (మజిల్ లోడింగ్) తుపాకీకి కూడా అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి, తయారీకైతే అది వేరే లైసెన్సు.

చెక్క ఎంపికలో మొదటిసారి చేసేవాళ్ళకి వాల్‌నట్ మేలు. రంగు వేసే పని లేదు, నూనె పడితే సరిపోతుంది. చెర్రీ వెలుతురు తగిలేకొద్దీ తనంతట తానే ముదురుతుంది. అందరి కళ్ళూ పులిచారల మేపుల్ మీదే ఉంటాయి. రంగు వేయడం రానివాళ్ళు దాన్నే ఎక్కువ పాడు చేస్తారు కూడా.

పెట్టె తెరవగానే బారెల్‌ని చెక్కలోకి నొక్కేయాలనిపిస్తుంది. ఆగండి. బారెల్ కింది పలకల అంచులు పదునుగా ఉంటే ఆకురాయితో ఒక్క గీత గీసి మొన విరవండి. ఆ అంచు చెక్కని గీరుకుంటూ దిగితే గుంట గోడ మీద మచ్చ పడుతుంది, ఇంకాస్త నొక్కితే వెనక కొస మూలల్లో చెక్క చీలుతుంది. ఎక్కడో పట్టేస్తోంది అనిపిస్తే బారెల్‌కి పల్చగా ఇన్‌లెట్టింగ్ బ్లాక్ (తగిలిన చోట మచ్చ వదిలే నల్ల పూత) పూసి దించి తీయండి. చెక్క మీద నలుపు అంటిన చోటే గీకాలి, చుట్టుపక్కల ముట్టుకోకూడదు.

ఒక్కసారి కూర్చున్నాక బారెల్‌ని చెక్కలోనే ఉంచి పని చేసుకోండి. ముందు భాగంలో బారెల్ పక్కన మిగిలే చెక్క గోడ రెండు మూడు మిల్లీమీటర్ల మందమే. బారెల్ లేకుండా ఆ పొడుగు చెక్కని మధ్యలో పట్టుకుని ఎత్తితే ర్యామ్‌రాడ్ (గుండుని లోపలికి దించే కడ్డీ) గాడి దగ్గర పుటుక్కుమంటుంది. వైస్‌లో పెట్టేటప్పుడు రెండు వైపులా తోలు ముక్కలు వేసి, బారెల్ ఉన్న చోటే బిగించండి.

బారెల్‌ని చెక్కకి పట్టి ఉంచేవి అడ్డంగా దూరే సన్నటి ఇనుప సీలలు. బారెల్ కింద ఉన్న లగ్గులో సీల బెజ్జం గుండ్రంగా ఉంటే, సన్నటి ఆకురాయితో దాన్ని బారెల్ పొడుగు దిక్కుగా రెండు వైపులా కాస్త సాగదీయండి. పైకీ కిందికీ మాత్రం వద్దు, వదులైపోతుంది. చెక్క తేమకి కదులుతుంది, ఉక్కు కదలదు. 46 అంగుళాల పొడుగున ఆ తేడాకి చోటివ్వకపోతే సీల దగ్గర చెక్క పగులుతుంది, లేదా బారెల్ మీద ఒత్తిడి పడి గురి వేసవికో తీరు, చలికాలానికో తీరుగా మారుతుంది.

లాక్ బిగించాక ఒక పరీక్ష చేయాలి. విడిగా చేతిలో పట్టుకున్నప్పుడు సాఫీగా పనిచేసిన లాక్, చెక్కలో బిగించాక ఫుల్ కాక్‌కి (రాయిని పట్టుకునే కాక్ పూర్తిగా వెనక్కి నిలిచే స్థితికి) రాకపోయినా, బద్ధకంగా పడినా లోపం లాక్‌లో లేదు. లోపల ఏదో భాగం చెక్కకి రాసుకుంటోంది. చాలాసార్లు అది సియర్ (ట్రిగ్గర్ నొక్కితే కాక్‌ని వదిలే మీట) చేయి దాని బెజ్జం గోడకి తగలడమే. దానికి నలుపు పూసి, బిగించి, రెండు మూడు సార్లు కాక్ చేసి విప్పితే మచ్చ కనిపిస్తుంది. బారెల్ వెనక తోకని పట్టే స్క్రూ కొస పొడుగైనా ఇదే గొడవ, ఆ కొస సియర్‌కో ట్రిగ్గర్‌కో తగులుతుంది. హాఫ్ కాక్‌లో (కాక్ సగం వెనక్కి ఉన్న, పేలకూడని స్థితిలో) ట్రిగ్గర్‌కి వెంట్రుకవాసి ఆట ఉండాలి. అక్కడే సియర్‌ని నెడుతూ ఉంటే ఆ రైఫిల్ ప్రమాదం. అది సరిదిద్దకుండా రేంజ్‌కి తీసుకెళ్ళకండి.

బట్‌ప్లేట్ చుట్టూ చెక్క కాస్త ఎత్తుగా ఉంటుంది. ప్లేట్ బిగించి లోహాన్నీ చెక్కనీ కలిపే ఆకురాయి పట్టాలి. కింది మొన దగ్గర మాత్రం ఆకురాయి బయటి నుంచి లోపలికే నడవాలి. ఎదురు నడిపితే నార లేచి పెచ్చు ఊడుతుంది. ఇనుప సామాను పోతపోసినది. అచ్చు కలిసిన గీతని ఆకురాయితో తీసి, ఆ తర్వాతే 120, 180, 220 నంబర్ల శాండ్‌పేపర్ వాడండి. గీత తీయకుండా పేపర్ పడితే అది మెరుస్తూ అక్కడే ఉంటుంది.

అసలు పని చెక్క పైన. మెషీన్ బ్లేడు వదిలిన సన్నటి అలలు మామూలు వెలుతురులో కనిపించవు. దీపాన్ని పక్క నుంచి, చెక్కకి ఆనించినంత కిందికి పెట్టి చూడండి, దుక్కి చాళ్ళలా తేలతాయి. అవి పోకుండా రంగు వేస్తే ప్రతి అలా నల్లగీతై కూర్చుంటుంది. స్క్రేపర్‌తో (చెక్కని పల్చగా గీకే ఉక్కు రేకు) మొదలెట్టి 120, 180, 220 దాకా రండి. శాండ్‌పేపర్ వెనక గట్టి చెక్క దిమ్మో, గట్టి రబ్బరో ఎప్పుడూ ఉండాలి. వేళ్ళతో రుద్దితే మెత్తటి చోట గుంట, గట్టి చోట గుట్ట. లాక్ చుట్టూ ఉన్న చదును పలక అంచుని చూస్తే ఎవరి పనితనమైనా తెలిసిపోతుంది. వేళ్ళతో రుద్దినవాళ్ళ అంచు సబ్బు బిళ్ళలా గుండ్రంగా అరిగిపోతుంది. అంచు పదును పోతే తిరిగి తేవడం చాలా కష్టం. లాక్ బిగించే ఉంచి ఆ పలక రుద్దితే అంచు నిలుస్తుంది.

తర్వాత తడిగుడ్డతో చెక్కంతా తుడిచి ఆరనివ్వండి, నార లేచి గరుకవుతుంది. దాన్ని 220తో తేలిగ్గా కోసెయ్యండి. మళ్ళీ తడపండి, మళ్ళీ కొయ్యండి. మూడోసారికి లేవదు. ఈ మెట్టు దాటేస్తే రంగు వేసిన వెంటనే చెక్క పిల్లి నాలుకలా అవుతుంది.

మేపుల్‌కి రంగంటే నత్రికామ్లంలో ఇనుము కరిగించిన పాత ద్రావకమే. ఇప్పుడు ఐరన్ నైట్రేట్ పేరుతో సీసాల్లో దొరుకుతుంది. చేతులకి గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట, చెక్కంతా ఒకే తడిగా పూయండి. ఆరాక చూస్తే ఆకుపచ్చా బూడిదా కలిసిన రంగులో ఏడుపు వస్తుంది. కంగారు పడి ఇంకో పూత వేయకండి. అసలు రంగు వేడితో వస్తుంది. హీట్‌గన్‌ని నెమ్మదిగా నడిపిస్తూ పోతే ఎర్రటి గోధుమరంగు తిరుగుతుంది, చారలు లోపల్నుంచి లేస్తాయి. గన్ ఒకే చోట ఆపితే చెక్క మాడుతుంది. ముందు భాగంలో పల్చటి అంచులకి ఇంకా జాగ్రత్త. తర్వాత వంటసోడా నీళ్ళతో ఆమ్లాన్ని చంపి, మంచినీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టండి. మరీ నల్లబడితే మెత్తటి ప్యాడ్‌తో ఎత్తైన చోట్ల రుద్ది తేలిక చేయొచ్చు. పాత రైఫిళ్ళలో చేయి తగిలే చోట్లు కూడా అలాగే వెలిసి ఉంటాయి. ఇదంతా చేసేముందు అదే రకం మేపుల్ ముక్క మీద ప్రయత్నించండి. ముక్క కూడా స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) అంతే నునుపు చేసి ఉండాలి, లేకపోతే ఆ పరీక్షకి అర్థం లేదు.

అవిసె నూనె పూతలు ఎన్ని పల్చగా వేస్తే అంత మంచిది. ఒక పూత ఆరాకే రెండోది. నూనె గుడ్డల్ని ఉండ చుట్టి గ్యారేజీ మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరేయండి, లేదా నీళ్ళ డబ్బాలో వేయండి.

బారెల్‌కి బ్రౌనింగ్ అంటే అదుపులో పెట్టిన తుప్పు. మెషీన్ గీతలు పోయేదాకా ఆకురాయిని అడ్డంగా పట్టి పొడుగునా లాగాలి. ఆకురాయి పళ్ళలో ఇనుప రజను ఇరుక్కుంటే బారెల్ మీద లోతుగా గీతలు పడతాయి. సుద్ద రాసుకుని, మధ్యమధ్యలో వైరు బ్రష్‌తో దులుపుకుంటూ ఉండండి. 220తో ఆపేయండి. అద్దంలా మెరిపిస్తే తుప్పు పట్టుకోదు. లారెల్ మౌంటెన్ ఫోర్జ్ వాళ్ళ బ్రౌనింగ్ ద్రావకం ఈ పనికి బాగుంటుంది. జిడ్డు తీసే మందు అందులోనే కలిసి ఉండటం దాని సుగుణం. బారెల్ రెండు కొసలూ, నిప్పు బారెల్‌లోకి వెళ్ళే పక్క బెజ్జమూ మూసి, గుడ్డని తడిపి పిండి, ఒక్కో పలక మీద ఒకే లాగుడు. వెనక్కి రుద్దితే రాగిరంగు మచ్చలు తేలతాయి. మూడు గంటల తర్వాత రెండో పూత, ఆ తర్వాత తడి జీన్స్ గుడ్డతో పైపొట్టు రాల్చి మళ్ళీ పూత. రంగు సమంగా పరుచుకునేదాకా ఇదే వరస. గాలిలో తేమ లేకపోతే ఏదీ జరగదు. హ్యూస్టన్ ఉక్కపోతలో బయట వేలాడదీస్తే చాలు. మిషిగన్ చలికాలంలో హీటర్ నడుస్తున్న ఇంట్లో అయితే బాత్‌రూమ్‌లో వేడినీళ్ళు వదిలి తలుపేయాలి. చివర్లో వంటసోడా నీళ్ళతో కడగకపోతే తుప్పు ఆగదు, నూనె కింద కూడా పాకుతూనే ఉంటుంది.

కిట్‌లో లేనివి కొవ్వు గుంట, చెక్కడం, ప్యాచ్‌బాక్సు. కొండ రైఫిల్‌కి మొదటిది చాలు, మిగతావి లేకపోవడం లోటు కాదు. అన్నీ మెషీన్ చేసేస్తే ఇది చేత్తో చేసిన రైఫిల్ ఎలా అవుతుందన్న వాదన ఒకటుంది. 1960ల్లో వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో వాలెస్ గస్లర్ ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి, కడ్డీ చుట్టూ వంచి బారెల్ దగ్గర్నుంచీ చేశాడు. ఆ కొలతతో చూస్తే బారెల్ కొనుక్కునే మనమెవరమూ లెక్కలోకి రాము. ఇన్‌లెట్టింగే నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే మాత్రం ఈ కిట్ కొనకండి. జిమ్ చాంబర్స్ తరహా కిట్ తీసుకోండి. అందులో ఉలికి చేతినిండా పని మిగిలే ఉంటుంది.

పేలడానికి వస్తే, రాయిని తోలు ముక్కలో చుట్టి కాక్ దవడల్లో బిగించి, అంచు ఫ్రిజెన్ (రాయి కొట్టుకునే ఉక్కు పలక) ముఖానికి అడ్డంగా సమంగా తగిలేలా చూడండి. ఒక మూలే తగిలితే నిప్పురవ్వలు మందు పోసే పళ్ళెంలో పడవు. ఫ్రిజెన్ పై భాగంలో, మూడింట రెండు వంతుల ఎత్తున తగిలితే గీత పొడుగ్గా వస్తుంది. తగలకపోతే రాయిని తలకిందులు చేసి చూడండి, ఏటవాలు మారి ఎత్తు మారుతుంది. పక్క బెజ్జం అంగుళంలో పదహారో వంతు ఉంటే చాలు. ఆలస్యంగా పేలుతోందని వెంటనే పెద్దది చేయకండి, ముందు అది మసితో మూసుకుందేమో సన్నటి తీగతో చూడండి. వాడాల్సింది బ్లాక్ పౌడర్ మాత్రమే. స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కలిసినా బారెల్ చీలిపోవచ్చు.

గురి చూసే సైట్లు చివర. గుండు కిందికి తగులుతుంటే ముందు సైటుని ఆకురాయితో తగ్గించండి, దెబ్బ పైకి లేస్తుంది. ఒకటి రెండు గీతలు, నాలుగైదు గుళ్ళు, మళ్ళీ గీతలు. పక్కకి పోతుంటే వెనక సైటుని దెబ్బ ఎటు కావాలో అటే ఇత్తడి కడ్డీతో తట్టాలి. ముందు సైటు ఒకసారి ఎక్కువ తెగితే కొత్తది కొనాల్సిందే. అందుకని మందు కొలత, గుండుకి చుట్టే గుడ్డ మందం ఖాయం చేసుకునేదాకా దాన్ని ముట్టుకోకండి.