స్ప్రింగ్ క్రీక్‌లో ఎనిమిదేళ్ళు వాడిన ట్రౌట్ ఫ్లైలు

నా దగ్గర ఒకప్పుడు మూడు డబ్బాల నిండా ఫ్లైలు ఉండేవి. ఇప్పుడు చొక్కా జేబులో పట్టే డబ్బా ఒక్కటే మిగిలింది. ఎనిమిదేళ్ళుగా పెన్సిల్వేనియాలో బెల్‌ఫాంట్ దగ్గర స్ప్రింగ్ క్రీక్ అనే ఏటిలో, అప్పుడప్పుడు పెన్స్ క్రీక్‌లో ట్రౌట్ అనే చల్లనీటి చేప కోసం వీటిని వాడుతున్నాను. ఏవి నిలిచాయి, ఏవి తీసేశాను, ఎందుకు అన్నది రాస్తున్నాను. కొత్తగా ఇటు వచ్చిన మనవాళ్ళు ఒకరిద్దరు అడిగారు కూడా.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ఫ్లై అంటే చిన్న కొక్కేనికి దారం, ఈకలు, జింక వెంట్రుకలు చుట్టి పురుగులా కట్టిన ఎర. దానికి బరువు ఉండదు కాబట్టి లావుపాటి లైను బరువుతోనే విసరాలి. కొక్కెం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 12 పెద్దది, 24 అయితే బియ్యపు గింజలో సగం.

మొదటి ఏడాది ఆన్‌లైన్‌లో వంద ఫ్లైల పెట్టె ఒకటి చవగ్గా వస్తుంటే కొన్నాను. కొక్కేలు మెత్తగా ఉండి, కాస్త పెద్ద చేప లాగగానే సాగిపోయేవి. కానీ అసలు పొరపాటు నాదే. రంగులు చూసి కొన్నాను. ఏటిలో ఏ పురుగు ఉందో, ఎంత ఉందో చూడనే లేదు.

మూడో ఏడాది మే నెలలో నాన్న వచ్చారు. పశ్చిమ గోదావరి చెరువుల్లో వానపాము గుచ్చి, పిండి ముద్ద పెట్టి గాలం వేసిన మనిషి. నా డబ్బాలు తెరిచి చూసి, ‘ఇన్ని రకాలెందుకురా? ముందు ఆ నీళ్ళలో ఏముందో చూడు’ అన్నారు. ప్యాంటు మడిచి, ఒడ్డు పక్కన మోకాలి లోతులో ఒక రాయి ఎత్తి తిప్పారు. రాయి అడుగున గోధుమరంగు పురుగులు, తోకకు మూడు పోగులతో, అటూ ఇటూ పాకుతున్నాయి. మేఫ్లై అనే ఏటి పురుగు పిల్లదశ అది. ఇక్కడ నింఫ్ అంటారు.

ఆ సాయంత్రమే సల్ఫర్ అనే పసుపు మేఫ్లైలు లేచాయి. తొలకరి వానకి మన ఊళ్ళో దీపం చుట్టూ ఉసిళ్ళు లేచినట్టు, ఏటి మీద గాలంతా రెక్కలే. చుట్టూ చేపలు మేతకి నీటి పైకి లేస్తున్నాయి. నా పసుపు ఫ్లై మాత్రం వాటి ముందు నుంచే తేలిపోతోంది, ఒక్కటీ ముట్టదు. ‘మూతి బయటికి రావట్లేదు చూశావా, వీపే కనబడుతోంది. పైన తేలేదాన్ని కాదురా తినేది, కింద ఉన్నదాన్ని’ అన్నారు నాన్న. నిజమే. నింఫ్ పైకి ఈది వచ్చి, నీటి పొరలో ఇరుక్కుని చర్మం విడుస్తుంటే, అక్కడే అందుకుంటున్నాయి. కత్తెరతో ఫ్లై అడుగున ఉన్న ఈకలన్నీ కత్తిరించేశాను. పొట్ట నీళ్ళలోకి దిగింది. రెండో విసురుకే బ్రౌన్ ట్రౌట్ పట్టింది.

అప్పటి నుంచి నేను ముందు చూసేది పురుగు ఏ దశలో ఉందన్నది. తర్వాత సైజు, ఆ తర్వాత ఆకారం. రంగు చివర్న. మేఫ్లైకి ఈ దశలు చాలా స్పష్టంగా ఉంటాయి: నీళ్ళ అడుగున నింఫ్, మసక రెక్కలు నిలబెట్టుకుని తేలే డన్, మళ్ళీ ఒకసారి చర్మం విడిచి గాజు రెక్కలతో జతకట్టి నీళ్ళ మీద పడి చచ్చే స్పిన్నర్. రెక్కలొచ్చాక కూడా చర్మం విడిచే పురుగు ఇదొక్కటే. ఒకే పురుగు కదా అని ఒకే ఫ్లైతో వెళితే రోజులో సగం వృథా.

ఇక ఫ్లైల సంగతి. ఒక్కటే ఉంచుకోమంటే, ఫెజెంట్ అనే పక్షి తోక ఈకతో కట్టే ఫెజెంట్ టెయిల్ నింఫ్, 16, 18 సైజుల్లో. ఇంగ్లాండ్‌లో ఏవన్ నది కాపలా చూసిన ఫ్రాంక్ సాయర్ దీన్ని దారం లేకుండా, సన్నటి రాగి తీగతోనే కట్టాడు. ఆ తీగే దాన్ని ముంచుతుంది. లోపమల్లా, ట్రౌట్ పళ్ళకి ఈక పోగులు తెగుతాయి. కొన్నవి ఐదారు చేపలకే విడిపోయాయి. ఇప్పుడు నేనే కట్టుకుంటూ, తీగను ఈకకి ఎదురు దిక్కున చుడుతున్నాను. బాగా ఆగుతోంది.

పైన తేలే వాటిలో పారాషూట్ ఆడమ్స్. అసలు ఆడమ్స్‌ని 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే కట్టాడు. ఏ పురుగునీ అచ్చంగా పోలదు, కానీ సైజు కలిస్తే చాలా మేఫ్లైలకు సరిపోతుంది. ఏప్రిల్‌లో, అక్టోబరులో ముసురు పట్టిన రోజుల్లో చిన్న ఆలివ్ మేఫ్లైలు లేస్తే 18 ఆడమ్స్ నన్ను ఎప్పుడూ నిరాశపరచలేదు. పైన తెల్ల కుచ్చు ఉంటుంది కాబట్టి సందె వెలుగులోనూ కనబడుతుంది.

సల్ఫర్‌కి మాత్రం జింక వెంట్రుకల రెక్కతో కట్టే కంపారాడన్ కావాల్సిందే. నీటి పొరకి ఆనుకుని కూర్చుంటుంది కాబట్టి కత్తెర పని ఉండదు. చీకటి పడేవేళ చేపలు చప్పుడు లేకుండా సుతారంగా సిప్ చేస్తుంటే, అప్పుడు తుప్పు రంగు స్పిన్నర్. డబ్బాలో అందరూ మరిచిపోయే ఫ్లై ఇదే. నా పెద్ద చేపల్లో ఎక్కువ దీనికే పడ్డాయి.

క్యాడిస్ పురుగు రెక్కలు ఇంటి కప్పులా వాలి ఉంటాయి. దానికి ఎల్క్ హెయిర్ క్యాడిస్. 1957లో ఆల్ ట్రోత్ కట్టినది. మన్నికలో దీనికి నేను పూర్తి మార్కులు ఇస్తాను, ఒక్క ఫ్లైతో ఒక సీజన్ లాగాను. చలికాలానికి, దోమలాంటి చిన్న పురుగును పోలిన జీబ్రా మిడ్జ్, 20 సైజులో. స్ప్రింగ్ క్రీక్ సున్నపురాయి ఊటల ఏరు కాబట్టి నాచులో బూడిదరంగు సౌబగ్‌లు ఏడాది పొడవునా ఉంటాయి. అవి పురుగులు కావు, రొయ్యల జాతి. 16 సైజు సౌబగ్ లేకుండా నేను ఇంటి గడప దాటను.

నాకు కుదరనిది ట్రైకో. జులై, ఆగస్టు ఉదయాల్లో మేఘంలా పడే అతి చిన్న స్పిన్నర్లు. 24 సైజు నీళ్ళ మీద నాకు కనబడదు. ఆడమ్స్ వెనక అడుగున్నర దారంతో కట్టి, ఆడమ్స్ చుట్టుపక్కల చేప లేస్తే రాడ్ ఎత్తుతాను. మరీ సన్నటి 7ఎక్స్ దారం తెగి చేప నోట్లో ఫ్లై ఉండిపోవడం నాకు బాధగా ఉంటుంది, అందుకే 6ఎక్స్ కన్నా సన్నం వాడను. తక్కువ పడతాయి, పడనీ.

ఈ ఏటిలో పట్టిన చేపను వదిలేయాలి. పాత రసాయన కాలుష్యం వల్ల వచ్చిన నియమం అది. అందుకే ముల్లు నొక్కేసిన కొక్కేలే వాడుతున్నాను. నీళ్ళు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే, ఎన్ని పురుగులు లేస్తున్నా, లైను చుట్టేసి ఇంటికి వస్తాను. వేడి నీళ్ళలో అలిసిన ట్రౌట్, వదిలినా బతకడం కష్టం.

కొత్తవాళ్ళు పెద్ద పెట్టెలు కొనకండి. విడిగా రెండు మూడు డాలర్లకి ఒకటి దొరుకుతుంది. ఫెజెంట్ టెయిల్ 16లో నాలుగు, 18లో నాలుగు, సౌబగ్ నాలుగు, ఆడమ్స్ 18లో మూడు. మేలో వస్తే సల్ఫర్ కంపారాడన్, స్పిన్నర్ చెరో మూడు కలపండి. ఏటికి వెళ్ళాక రాడ్ కారులోనే ఉంచి, ముందు నాలుగు రాళ్ళు తిప్పండి. చూశాక ప్రతి రాయినీ ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టండి, దాని కింద వచ్చే ఏడాది మేఫ్లైలు ఉన్నాయి.